వంతెన పాటలో జారుడు

ఆయన అసలు పేరు ఆ వీధిలో పోస్టుమానుకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ జారుడు మేష్టారే. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, పాపం ఎక్కడో మెట్ల మీద జారిపడ్డాడేమో అనుకుంటారు. కాదు. డెబ్బై రెండేళ్ళ ఈ మనిషి ఒకప్పుడు సినిమా పాటలకు ఫ్లూట్ వాయించేవాడు. ఊరూవాడా పాడుకున్న వంతెన పాట ఉంది కదా, దాని రెండు చరణాల మధ్య ఒక ఫ్లూట్ బిట్టు వస్తుంది. కింది పంచమం దగ్గర మొదలై, పై పంచమం దాకా ఎక్కడా తెగకుండా ఒకే ఒక్క జారుడు. పట్టుమని పదిహేను సెకన్లుండదు. ఆ పదిహేను సెకన్ల మీదే మేష్టారి పరువూ ప్రతిష్ఠా ఇంతకాలం నిలబడ్డాయి.

మంగలి షాపులో ఆయనకు వరస ఉండదు, వెళ్ళగానే కుర్చీ ఖాళీ చేస్తారు. మందుల షాపు యజమాని అయితే ఆయన కనబడితే చాలు, ఫోనులో ఆ పాట పెట్టి, బిట్టు వచ్చేదాకా ఆగి, కళ్ళు మూసుకుని తలాడిస్తాడు. పక్కింటావిడ చుట్టాలొస్తే తీసుకొచ్చి చూపిస్తుంది. అలాంటప్పుడు మేష్టారు చిన్నగా నవ్వి, "ఆ రోజు స్టూడియోలో అందరికీ ఒళ్ళు గగుర్పొడిచిందండీ" అంటాడు. చూశారా, నేను వాయించానని అనడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. తాను అనకుండా ఎదుటివాళ్ళ చేత అనిపించుకోవడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. అబద్ధం చెప్పడం వేరు, నిజం చెప్పకపోవడం వేరు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. ఇక్కడ తమాషా ఏమిటంటే, నిజంగానే ఎవరూ చూడలేదు.

ఆ బిట్టు ఆయన వాయించలేదు. అసలది ఫ్లూటే కాదు.

ఆ రోజుల్లో రికార్డింగంటే అందరూ ఒకేసారి వాయించాలి. వయొలిన్లు, గిటారు, డ్రమ్ములు, పాడే మనిషి, అందరూ ఒకే హాల్లో చేరి మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున లాగాలి. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. సంగీత దర్శకుడు అద్దం అవతల గదిలో కూర్చుని వినేవాడు. ఆయన జేబులో ఒక ఎర్ర పెన్సిలుండేది. మూడుసార్లు ఆలస్యంగా వచ్చినవాడి పేరు మీద ఆ పెన్సిలుతో గీత పడేది, ఇక జన్మలో పిలుపు రాదు. మన మేష్టారికి అప్పటికే రెండు ఆలస్యాలయ్యాయి. బుద్ధున్నవాడైతే గంట ముందొచ్చి కూర్చుంటాడు. ఈయన అదే ఉదయం ఊరికి అటు చివర ఇంకో స్టూడియోలో ఒక సబ్బు ప్రకటన ఒప్పుకున్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏమవుతాడో అదే అయ్యాడు. సబ్బువాళ్ళకు ఫ్లూట్‌లో నురగ ఇంకా తెల్లగా వినిపించాలట. పదకొండుసార్లు వాయించాడు.

ఇక్కడ హాల్లో ఆయన కుర్చీ ఖాళీ. ఫ్లూట్ మైకు, పాడేవాళ్ళ మైకు పక్కపక్కనే, మధ్యలో ఒక చెక్క తెర. రెండూ అద్దం గదిలోంచి కనబడని మూలలో ఉండేవి. పాడే ఆమెను చిన్నాపెద్దా అందరూ అక్క అనేవారు. ఎర్ర పెన్సిలు సంగతి అక్కకు తెలుసు. మేష్టారింట్లో ఏడాది పిల్ల ఉన్న సంగతీ తెలుసు. రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలగగానే అక్క మొదటి చరణం పాడింది. పాడి, చెక్క తెర చుట్టూ నాలుగడుగులు వేసి, ఫ్లూట్ మైకు ముందు పెదాలు ముడిచి ఈల వేసింది. బిట్టు రాసిన కాగితం ఆమె దగ్గర లేదు. ఏ స్వరం మీద ఆగాలో తెలియక ఎక్కడా ఆగకుండా కింది నుంచి పైదాకా జారింది. మళ్ళీ నాలుగడుగుల్లో తన మైకు దగ్గరికి పరుగెత్తుకొచ్చి రెండో చరణం అందుకుంది.

మేష్టారు రొప్పుతూ వెనక తలుపు తోసుకొచ్చేసరికి దీపం ఆరుతోంది. అక్క పెదాలు తుడుచుకుంటూ, "నీ బిట్టు అయిపోయింది. వెళ్ళి ఆయనకు కనబడు" అంది. దర్శకుడు అద్దం గదిలోంచి బయటికొచ్చి మేష్టారి భుజం తట్టాడు. నేను రాసింది నాలుగు స్వరాలు, నువ్వు వాటి మీద నుంచి జారిపోయావు, ఇదే బాగుంది, ఇదే ఉంచేద్దాం అన్నాడు. అప్పటికి మేష్టారు సంచిలోంచి ఫ్లూట్ కూడా తియ్యలేదు. సిగ్గుపడుతున్నవాడిలా తల వంచాడు. ఆ వంచిన తలే మొదటి అబద్ధం.

నిజం తెలిసినవాళ్ళు నలుగురే. అక్క, ఆ మూలకు ఎదురుగా కూర్చున్న ఇద్దరు వయొలిన్‌వాళ్ళు, తాళం చూపే అసిస్టెంటు. అక్క మాట మీద గౌరవంతో వాళ్ళు నోరు మెదపలేదు. అంత పేరున్న గాయని ఈల వేసిందంటే జనం ఏమనుకుంటారు, ఇది ఆమె గుట్టు, నేను కాపాడాలి అని మేష్టారు కొన్నాళ్ళు పెద్దమనిషిలా అనుకున్నాడు. పదేళ్ళ తర్వాత ఒక సభలో అక్కే ఆయన్ని పక్కకు పిలిచి, "ఇంకా మీవాళ్ళకు చెప్పలేదా? చెప్పు, నవ్వుకుంటారు" అంది. చెప్తానక్కా అన్నాడు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఆమె చనిపోయేదాకా ఆ పాట వచ్చినప్పుడల్లా భర్త వైపు మురిపెంగా చూసేది.

వయొలిన్‌వాళ్ళు పోయారు, అసిస్టెంటు పోయాడు. నిరుడు అక్క పోయింది. టీవీలో ఆ వార్త విని మేష్టారు ఏడ్చాడు. ఏడుపు వచ్చిందనడం నిజమే. కానీ దానికి ఒక్క క్షణం ముందు ఇంకొకటి వచ్చింది. ఇక చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు అన్న నిశ్చింత. తన ఉద్యోగం నిలబెట్టిన మనిషి పోతే తన గుండె మీది బరువు దిగింది. ఆ క్షణం గుర్తొస్తే ఆయనకు తన మొహం తాను అద్దంలో చూసుకోబుద్ధి కాదు.

ఇదంతా ఒక ఎత్తు. కూతురి సంగతి ఒక ఎత్తు.

ఆ ఏడాది పిల్లకు పదేళ్ళు వచ్చాయి. బళ్ళో అందరికీ చెప్పుకుంది, వంతెన పాటలో మా నాన్నే అని. ఫ్లూట్ నేర్పమంది. నేర్పాడు. పిల్లకు ఊపిరి ఉంది, చెవి ఉంది, తండ్రికి లేని పట్టుదల ఉంది. రెండేళ్ళలో చక్కగా వాయించసాగింది. కానీ మొదటి నుంచీ ఆమెకు కావలసింది ఆ జారుడు. వెదురు మీద అది రాదు. సగం దూరం వేళ్ళతో జార్చవచ్చు, ఆ పైన ఊదే ఒత్తు మార్చాలి, మార్చిన చోట నాదం తెగి తీరుతుంది. ఎవరు ఊదినా ఇంతే. మేష్టారికి ఇది తెలియకనా? ఆ పిల్ల ఏడేళ్ళు ఆ పదిహేను సెకన్ల కోసం గోడవైపు తిరిగి కూర్చుని ఊదింది. పెదవి పగిలి రక్తం వచ్చిన రోజులున్నాయి. ఎందుకు రావట్లేదు నాన్నా అని అడిగినప్పుడల్లా ఆయన చెప్పిన సమాధానం ఒక్కటే. ఇంకాస్త సాధన చెయ్యమ్మా.

పదిహేడో ఏట ఆమె తన ఫ్లూట్లన్నీ పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేసింది. నీ ఊపిరి నాకు రాలేదు నాన్నా, నాలో అంత లేదు అంది. తర్వాత సైన్సు చదివింది. ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు సరిచూసే ఉద్యోగం. ఆమె సంతకం లేనిదే కాగితం బయటికి పోదు. పెళ్ళయింది, పక్క వీధిలోనే ఉంటుంది, రోజూ పొద్దున వచ్చి తండ్రి మందుల డబ్బా చూసి వెళ్తుంది. ఇంట్లో ఎప్పుడూ కూనిరాగం కూడా తియ్యదు.

ఇలా ఉండగా ఫోనొచ్చింది. అక్క పోయి ఏడాదవుతోందని ఆమె పాటలు పన్నెండు ఏరి, ఒక కొత్త గాయనితో పాడించి, ఆల్బంగా వేస్తున్నారు. దాని దర్శకుడికి ఇంకా ముప్పై నిండలేదు కానీ అక్కంటే ప్రాణం. పాత పాటల్లో చిన్న చప్పుడు కూడా పోకూడదని ఒక్కోటీ వందసార్లు విని కాగితం మీద పెట్టాడు. వంతెన పాటలో ఫ్లూట్ బిట్టు చివర సన్నగా టింగ్ మని వినిపిస్తుందని, అది కొట్టడానికి ట్రయాంగిల్ అనే ముక్కోణపు ఉక్కు కడ్డీని వాయించే మనిషిని కూడా ప్రత్యేకంగా పిలిపించాడు. పాత బృందంలో మిగిలింది మేష్టారు ఒక్కరేనట, ఆ బిట్టు ఆయన చేతి మీదుగానే రావాలట. ఫోను తీసింది కూతురు. తండ్రిని అడగనైనా అడగకుండా, మా నాన్న తప్పకుండా వస్తారని చెప్పేసింది.

మేష్టారు తప్పించుకోవాలని చూశాడు. మోకాళ్ళ నొప్పి అన్నాడు, కారులో తీసుకెళ్తానంది. పన్ను కదులుతోంది, గాలి నిలవదు అన్నాడు. నీ పళ్ళన్నీ కట్టుడువే కదా నాన్నా అంది. ల్యాబుకు సెలవు పెట్టి, తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసి తెచ్చింది.

ఇప్పటి స్టూడియో ఒక పడగ్గదంత ఉంది. ఒక్కొక్కరే లోపలికెళ్ళి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తమ వంతు వాయించి వచ్చేస్తున్నారు. అద్దం అవతల దర్శకుడు, రికార్డిస్టు, కొత్త గాయని కూర్చున్నారు, వాళ్ళ వెనక కూతురు. బయట వరండాలో ట్రయాంగిల్ మనిషి తన ఒక్క టింగ్ కోసం ఎదురుచూస్తూ పేపరు చదువుకుంటున్నాడు.

మేష్టారు ఊదాడు. సగం దారిలో తెగింది. ఫ్లూట్‌కు చెమ్మ పట్టిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రెండో ఫ్లూట్ తీశాడు, అదీ అక్కడే తెగింది. అయిదుసార్లు అయింది. ఎవరూ విసుక్కోలేదు. అదే ఆయనకు నరకమైపోయింది. రికార్డిస్టు రెండు ముక్కలూ కంప్యూటర్లో అతికిస్తానన్నాడు. దర్శకుడు తొందరేం లేదు సార్, వయసు కదా అన్నాడు. వయసు! అబద్ధానికి కొత్త చొక్కా తొడుగుతున్నారు పాపం వాళ్ళు. అవునంటే చాలు, ముసలితనం మీదికి నెట్టేసి గౌరవంగా ఇంటికి పోవచ్చు. అతుకు ముక్కతో ఆల్బం వస్తుంది, అక్క ఈల మీద ఆఖరి మూత పడుతుంది. మేష్టారు అవునని తలూపాడు కూడా.

అంతలో కొత్త గాయనికి ఏదో సందేహం వచ్చింది. రెండో చరణం మొదట్లో అక్క గొంతులో ఒక ఎగఊపిరి ఉంటుంది, లోకమంతా మెచ్చుకునేది, తాను ఎన్నిసార్లు తెచ్చినా నటనలాగే ఉంటోంది, అసలక్కడ ఎందుకు వచ్చిందో మేష్టారిని అడగమని దర్శకుడితో అంది. ముందు ఈ బిట్టు సంగతి తేలనీ, ఇంకెవరినైనా పిలుద్దామా అన్నాడతను గొంతు తగ్గించి. అద్దం గదిలోని మైకు ఆపడం మరిచిపోయారు. వాళ్ళ మాటలన్నీ మేష్టారి చెవుల్లో పడుతున్నాయి. అప్పుడు వెనక నుంచి కూతురి గొంతు వినబడింది.

"ఇంకెవరి వల్లా కాదండీ. నేను ఏడేళ్ళు ఊదాను, నాకు రాలేదు. అది మా నాన్న ఒక్కరికే వచ్చింది. కాస్త నీళ్ళిచ్చి చూడండి, వస్తుంది."

అందులో వేళాకోళం లేదు, నిష్ఠూరం లేదు. అంతటి నమ్మకాన్ని అంత దగ్గరగా, రెండు చెవుల్లోనూ వినడం ఆయన వల్ల కాలేదు.

"అది ఫ్లూట్ కాదు" అన్నాడు. తన గొంతు తనకే హెడ్‌ఫోన్లలో పెద్దగా వినిపించి ఉలిక్కిపడ్డాడు. "అక్క ఈల వేసింది. నేను ఆ టైముకి ఇంకో స్టూడియోలో సబ్బు ప్రకటనకి వాయిస్తున్నాను. వచ్చేసరికి పాట అయిపోయింది."

దర్శకుడు నవ్వాడు. పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆపేశాడు. రికార్డిస్టు పాత పాటలోని బిట్టు పెట్టాడు. ఆ గదిలో అది వందలసార్లు విననివాళ్ళు లేరు. ఒకసారి చెప్పాక ఇక దాన్ని ఫ్లూట్ అనుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు. చక్కగా, నిస్సందేహంగా, పెదాల మధ్య నుంచి వచ్చిన ఈల. చివర టింగ్ మంది.

"ఆ టింగ్?" అని అడిగాడు దర్శకుడు.

"గాజులు. వెనక్కి పరుగెత్తేటప్పుడు చెక్క తెరకి తగిలాయి. ఒకటి చిట్లింది, ముక్కలు నేనే ఏరాను. నాలుగడుగులు పరుగెత్తి పాట అందుకుంది, ఆ ఊపిరి అందుకే."

కొత్త గాయని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు నిమిషాల్లో గదిలో గాలి మారిపోయింది. ఆ అమ్మాయి తనకు ఈల వచ్చునంది, ఒక చెక్క పలక తెచ్చి మధ్యలో నిలబెట్టమంది. ఎవరో రెండో మైకు పెట్టారు. ట్రయాంగిల్ మనిషిని మీరింక వెళ్ళొచ్చన్నారు. మేష్టారి ఊసు ఎవరూ ఎత్తలేదు. దర్శకుడు లోపలికొచ్చి హెడ్‌ఫోన్లు తనే తీసి, "మీరు కాస్త బయట కూర్చోండి" అన్నాడు. పొద్దుటి నుంచి మాటకు ముందొకటి వెనకొకటి వచ్చిన 'సార్' అన్న పిలుపు ఈసారి రాలేదు. ఆల్బంతో ఇచ్చే పుస్తకంలో మీ ఫొటో వేశాం, దాని సంగతి చూడాలి అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. మేష్టారికి తల కొట్టేసినట్టయింది. అద్దం వైపు చూశాడు. వెనక కుర్చీ ఖాళీగా ఉంది.

కూతురు కారులో ఉంది. స్టీరింగ్ ముందు కూర్చుని ఎదురుగా గోడను చూస్తోంది. ఆయన పక్క సీట్లో కూర్చుని ఫ్లూట్ సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది. ఒక ఫ్లూట్ తీసి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆమె దాన్ని పెదవికి ఆనించింది. మొదట వట్టి గాలి వచ్చింది. రెండోసారి కింది పంచమం పలికింది. అక్కణ్ణుంచి మెల్లగా పైకి జార్చింది, సగం దారిలో తెగింది.

"ఇక్కడే కదా ఇందాక నీకూ తెగింది?"

"అక్కడే."

"ఎవరికైనా ఇక్కడేనా?"

"ఎవరికైనా అంతే తల్లీ. వెదురుకి అంతే."

ఆమె ఫ్లూట్ దించి ఒళ్ళో పెట్టుకుంది. "మా ల్యాబులో ఒకరికి తప్పు రిపోర్టు ఇచ్చామని తెలిస్తే, ఆ రోజే ఫోన్ చేసి చెప్తాం నాన్నా" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త సులువయ్యేది. మళ్ళీ అడిగింది.

"నేను ఫ్లూట్లు అటకెక్కించిన రోజు నీకేమనిపించింది?"

గుండె తరుక్కుపోయిందమ్మా అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అలాంటి మాటలు ఆయనకు కొదవా? ముప్పై ఎనిమిదేళ్ళు వాటి మీదే బతికాడు. దాన్ని మింగేశాడు.

"హాయిగా నిద్రపోయాను" అన్నాడు. "ఇక అడగవు కదా అని."

ఆమె తలుపు అద్దం దించి, కారు తీసింది. వీధి మొదట్లో మందుల షాపు ముందు ఆపి, నీ బీపీ మాత్రలు అయిపోయాయి, తెచ్చుకో అంది. ఆయన సంచి తీసుకుని దిగాడు. ఫ్లూట్ ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. ఇమ్మని అడిగే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు.

షాపు యజమాని తెల్ల చొక్కా చూసి లేచి నిలబడ్డాడు. రికార్డింగు ఎలా అయిందని అడుగుతూనే ఫోను తీసి వంతెన పాట పెట్టాడు. మొదటి చరణం అయింది. బిట్టు వచ్చింది. యజమాని కళ్ళు మూసుకుని తల ఊపాడు. మేష్టారి వీపు వెనక కారు ఇంకా కదల్లేదు, అద్దం దించే ఉంది.

"అది నేను కాదు" అన్నాడు మేష్టారు.

యజమాని కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "అంత పెద్దవాళ్ళయ్యుండి మీకింత వినయమేంటి మేష్టారూ" అన్నాడు.

మేష్టారు చెయ్యి చాపి ఫోనులో పాట ఆపేశాడు. కౌంటరు పట్టుకుని నిలబడి, కారులోకి కూడా వినబడేంత గట్టిగా, మొదటి నుంచి మొదలుపెట్టాడు. "ఆ రోజు పొద్దున నేను ఒక సబ్బు ప్రకటనకి వాయించడానికి వెళ్ళాను."